ఒకే క్రిమి, రెండు వ్యాధులు

ఒక ఇంటిలో భర్తకు కుష్ఠువ్యాధి వచ్చినది. భార్య పదునైదేండ్లు అతనికి వండిపెట్టినది, అతని బట్టలు ఉతికినది, పుండ్లు కడిగి కట్లు కట్టినది. ఆమెకు వ్యాధి సోకలేదు. వేరొక ఇంటిలో, ఎరిగినంతలో ఏ రోగి దరికిని పోని పదేండ్ల బాలుని వీపుమీద ఒక పాలిపోయిన మచ్చ కనబడినది. పరీక్షింపగా అది కుష్ఠువని తేలినది. ఇటువంటివి మన పల్లెలలో మేము చూచియే యున్నాము. శ్రోతలలోను చూచినవారుందురు. వీటిని చూచియే పూర్వులు ఇది పూర్వజన్మ పాపమనిరి, దైవశాపమనిరి. పెద్దరోగమని పేరు పెట్టి, పేరెత్తుటకు కూడ వెనుకాడిరి.

వైద్యశాస్త్రమునకు సైతము ఈ లెక్క చాలకాలము తేలలేదు. 1873లో నార్వే దేశమందలి బెర్గెన్ నగరమున హాన్సెన్ అను వైద్యుడు కుష్ఠుక్రిమిని కనుగొనెను. మనుష్యులకు రోగము తెచ్చు క్రిములలో తొలుదొల్త గుర్తింపబడిన వానిలో ఇది యొకటి. శత్రువు చిక్కినట్లే యుండెను. కాని నూటికి తొంబది అయిదుగురికి పైగా ఈ క్రిమి సోకినను వ్యాధి ఏల రాదో, వచ్చిన కొద్దిమందిలో ఒకరికి ఒకటి రెండు మచ్చలతో ఆగి, మరియొకరికి ముఖము, చెవులు ఉబ్బి, ముక్కు కుంగువరకు ఏల ముదురునో, క్రిమిని ఎంత పరిశీలించినను తెలియరాలేదు. జవాబు క్రిమిలో లేదు. అది మన దేహములోనే యున్నది. ఆ జవాబులో ముఖ్యభాగము టి-కణములను కొన్ని తెల్ల రక్తకణములకు చెందినది. ఈ ప్రసంగములో వాటిని గూర్చియే ముచ్చటింపదలచినాము.

మేము గోదావరికి ఉత్తరపు ఒడ్డుననున్న లక్సెట్టిపేట వారము. కడెము కాలువ క్రింద వరి పండించు ఊళ్లు, ఎండకాలమున తునికాకు ఏరు అడవి పల్లెలు, ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు – మా తట్టు బ్రతుకుదెరువులు ఇట్టివి. నాటు వేయుటకైనను, ఆకు కత్తిరించుటకైనను, తంబాకు పోసి ఆకు కొన మడుచుటకైనను వ్రేళ్లకొనలలో స్పర్శ ఉండవలెను. కుష్ఠువ్యాధి మొదట అపహరించునది దానినే. కనుకనే ఈ విషయము మాకు పుస్తకములలోని విషయము మాత్రమే కాదు.

మా ఊరి మీదుగా పోవు 63వ జాతీయ రహదారి రాయపట్నము వద్ద గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరుల మీదుగా నిజామాబాదు చేరును. నిజామాబాదునకు సమీపముననే డిచ్‌పల్లి యున్నది. స్కాట్లండు దేశమునుండి వచ్చిన డాక్టరు ఇజబెల్ కెర్ అను వైద్యురాలును, ఆమె భర్త జార్జి కెర్‌యును 1915లో అచ్చట కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పిరి. ఊరి వెలుపల చెట్లక్రింద పడియుండువారికి ఒక మంచము, ఒక కట్టు, ఒక పలకరింపు దొరకిన చోటు అది. ఆనాటి మందు చాల్‌మోగ్ర జాతి గింజలనుండి తీసిన నూనె. సుశ్రుతుడు తువరకమని చెప్పినది ఈ జాతిదే. ఆ నూనెను సూదితో ఎక్కించుచుండిరి, నొప్పి మిక్కుటము. కొందరు బాగుపడిరి, కొందరికి గుణము కనబడలేదు. ఒకటి రెండు మచ్చలు గల రోగులలో కొందరికి మందు లేకయే నయమగునని ఇప్పుడు మనకు తెలియును. కాబట్టి నూనె వలన బాగుపడినవారెందరో, దేహము తానై బాగుచేసికొన్నవారెందరో ఆనాటి వైద్యులు విడదీసి చెప్పగల ఉపాయము లేకుండెను. దేహము తానై ఎట్లు బాగుచేసికొనును? దానికొరకు కుష్ఠువును కొంతసేపు ప్రక్కన పెట్టి, దేహరక్షణ సంగతి చూతము.

మన దేహమునకు రెండు కావళ్లు కలవు. మొదటిది పుట్టుకతోనే సిద్ధముగా వచ్చునది. చర్మము, కన్నీరు, ఉమ్మి, కడుపులోని ఆమ్లము ఇందులోనివే. ముల్లు గ్రుచ్చుకొని క్రిములు లోనికి చొరబడెనా, భక్షక కణములు కొన్ని గంటలలో అచ్చటికి చేరి వాటిని మ్రింగివేయును. పుండు చుట్టునుండు ఎరుపు, వేడి, సలుపు ఈ పని ఫలితములే. చీము అన నేమి? ఆ పోరులో చచ్చిన కణముల రాశి. ఈ కావలి చురుకైనదే కాని, దీనికి జ్ఞాపకము తక్కువ. ఏ దొంగ వచ్చినను ఒకే కర్ర ఎత్తును. పోయిన ఏడు వచ్చినవాడే మరల వచ్చెనని పోల్చుకొనజాలదు.

రెండవ కావలి నేర్చుకొనునది. ఒకసారి తట్టు పోసిన పిల్లవానికి మరల పోయదని మన ముసలమ్మలు ఏ శాస్త్రము చదువకయే ఎరుగుదురు. ఆ జ్ఞాపకము ఈ రెండవ కావలిది. ఇందులో రెండు తెగల కణములున్నవి. బి-కణములు ప్రతిరక్షకములను పదార్థములను తయారుచేసి రక్తములోనికి విడుచును. అవి రక్తమునందును, శరీర ద్రవములందును తిరుగాడు క్రిములను పట్టుకొనును. కాని క్రిమి ఒకసారి మన కణము లోపలికే దూరి తలుపు వేసికొన్నదా, ప్రతిరక్షకములు దానిని చేరలేవు. అప్పుడు పని టి-కణములది.

ఈ టి-కణముల చరిత్ర పెద్ద పాతది కాదు. రొమ్ముటెముక వెనుక, గుండెకు పైభాగమున, థైమస్ అను గ్రంథి కలదు. బాల్యములో పెద్దదిగా ఉండి, వయసు వచ్చిన పిదప క్రమముగా క్రుంగి క్రొవ్వుగా మారును. పెద్దవారిలో ఎండిపోవు గ్రంథికి పెద్ద పని యుండదని చాలమంది భావించిరి. 1961లో లండనులో జాక్ మిల్లర్ అను పరిశోధకుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలనుండి దానిని తీసివేసి చూచెను. ఆ ఎలుకలు కొన్ని వారములకు చిక్కి శల్యమై, సామాన్యమైన అంటువ్యాధులకే చచ్చినవి. అంతకంటె వింత యేమన, వేరు జాతి ఎలుక చర్మమును వాటికి అతికింపగా దానిని త్రోసివేయక తమదిగా ఉంచుకొన్నవి. తనది, పరాయిది అను తేడాయే వాటికి తెలియలేదు. థైమసులో తయారగు ఈ కణములకు దాని మొదటి అక్షరమునుబట్టి టి-కణములను పేరు వచ్చినది.

ఇవి పుట్టునది ఎముకల మూలుగలో. చదువుకొనునది థైమసులో. ఆ బడిలో పరీక్ష బహు కఠినము. మన కణములు చూపు గుర్తులను బొత్తిగా చదువలేని టి-కణము చచ్చును. మన సొంత కణములపైననే గట్టిగా తిరుగబడు టి-కణమును చచ్చును. నూటికి రెండో మూడో, మిక్కిలిగా అయిదో గట్టెక్కి బయటికి వచ్చును. ఇంత వృథా ఎందుకని అనిపింపవచ్చును. కాని యజమానినే కరచు కుక్కను కావలికి పెట్టుకొనువాడు లేడు గదా. అయినను కొన్ని తప్పించుకొని వచ్చును. వాటిని అదుపులో నుంచుటకు నియంత్రక టి-కణములని మరియొక తెగ కలదు. ఆ తెగను, దాని పనిని వెలికితీసినందులకు జపానుకు చెందిన షిమోన్ సకగుచికిని, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకును 2025లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది.

అదుపు తప్పిన టి-కణములు ఏమి చేయునో చూపుటకు దూరము పోనక్కరలేదు. బొల్లి ఉన్నది. చర్మమునకు రంగునిచ్చు కణములను మన టి-కణములే పొరబడి చంపుటచే తెల్లమచ్చలు పుట్టును. బొల్లి అంటువ్యాధి కాదు, అందులో క్రిమి లేదు, స్పర్శ చెడదు. అయినను మన జనము బొల్లిని చూచి కుష్ఠువని జడిసి, పెండ్లి సంబంధములు త్రోసిపుచ్చుచుందురు. పాలవలె తెల్లనై స్పర్శ చెడని మచ్చ వేరు. కొద్దిగా పాలిపోయి లేక ఎర్రబారి, మొద్దుబారిన మచ్చ వేరు. ఈ ఒక్క భేదము తెలిసియుండిన మా ప్రాంతమున ఎన్ని ఇండ్లలో ఎంత ఏడుపు తప్పియుండెడిదో!

టి-కణము క్రిమిని గుర్తించు తీరు చిత్రమైనది. అది క్రిమిని నిండుగా చూడలేదు. మార్కెటు యార్డులో వ్యాపారి బస్తాను విప్పి క్రుమ్మరింపడు. ఇనుప గొట్టము గ్రుచ్చి పిడికెడు గింజలు తీసి, అరచేతిలో పోసికొని చూచి, సరకు ఎట్టిదో చెప్పును. ఇచ్చటను అంతే. మన కణము లోపలనున్న మాంసకృత్తులను చిన్న తునకలుగా నరికి, తన పైపొరమీద పెట్టి చూపుచుండును. టి-కణము ఆ తునకను తడిమి చూచును. ఇంటి సరకైనచో దాటిపోవును; పరాయి సరకైనచో నిలిచిపోవును.

ఒక్కొక్క టి-కణము ఒక్కొక్క గుర్తునే పట్టగలదు. ఒక క్రిమి గుర్తును పట్టగలిగినవి లక్షకు ఒకటియో, పదిలక్షలకు ఒకటియో ఉండును. అటువంటి ఒక్కదానిని వెదకి పట్టుట ఎట్లు? కాలిలో ముల్లు విరిగిన నాలుగవనాడు గజ్జలో బిళ్ల కట్టుట అందరెరిగినదే. ఆ బిళ్లలు మనకు ఎల్లప్పుడును ఉన్నవే, అప్పుడు ఉబ్బి చేతికి తగులును. పుండునుండి కొన్ని దూత కణములు క్రిముల తునకలను మోసికొని ఆ బిళ్లకు చేరును. అక్కడ వేలకొలది టి-కణములు వరుసగా వచ్చి తడిమి పోవుచుండును. గుర్తు కుదిరినది ఆగి, ఒకటి రెండై, రెండు నాలుగై, కొన్ని దినములలో వేలు లక్షలగును. అందుచేతనే క్రొత్త క్రిమిపై ఈ కావలి లేచుటకు వారమో పదిదినములో పట్టును. పని ముగిసిన పిదప ఆ సేనలో ఎక్కువభాగము నశించి, కొన్ని మాత్రము స్మృతి కణములుగా ఏండ్లతరబడి నిలిచియుండును. మరల అదే క్రిమి వచ్చినచో అవి రెండు మూడు దినములలోనే లేచును. క్షయ పరీక్షకై ముంజేతిలో సూది వేసి, రెండు మూడు దినముల తరువాత వాపును కొలుచుట మీరు చూచియుందురు. ఆ వాపు టి-కణముల జ్ఞాపకమే.

టి-కణములలో పని భేదమున్నది. సంహారక టి-కణములు క్రిమి దూరిన మన కణమునే పొడిచి చంపును. వైరసు రోగములలో వీటి పని ముఖ్యము. సహాయక టి-కణములు తాము చంపవు, చంపువారిని పురికొల్పును. ఎయిడ్స్ వైరసు దెబ్బ తీయునది ఈ సహాయక కణములనే. అవి తగ్గిపోగానే, ఒంటిలో నిద్రించుచుండిన క్షయ మేల్కొనుట మన ఆసుపత్రులలో వైద్యులు ఎరిగిన విషాదము.

ఇక కుష్ఠుక్రిమి దగ్గరకు వత్తము. ఇది తొందరలేని క్రిమి. సాధారణమైన పేగు క్రిమి అనువైనచోట ఇరువది నిమిషములకు ఒకటి రెండగును. ఇది రెండగుటకు సుమారు పన్నెండు, పదునాలుగు దినములు పట్టును. సోకినప్పటినుండి వ్యాధి కనబడుటకు సాధారణముగా అయిదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువదియేండ్లు కూడ పట్టవచ్చును. ఎప్పుడు, ఎవరినుండి సోకెనో చెప్పుట కష్టమగుటకు కారణము ఇదే. దానికి చల్లనిచోటు ఇష్టము: చెవితమ్మెలు, ముక్కు, చర్మము, మోచేయి వెనుక చర్మమునకు దగ్గరగా పోవు నరము. అది కాపురముండునది భక్షక కణముల లోపల, నరముల చుట్టునుండు తొడుగు కణముల లోపల. మ్రింగినవాని కడుపులోనే ఇల్లు కట్టుకొను శత్రువు ఇది.

అప్పుడు సహాయక టి-కణము ఏ పిలుపు పిలుచునో దానిపై అంతయు ఆధారపడియుండును. ఒక పిలుపు భక్షక కణములకు: 'మ్రింగిన దానిని చంపుడు' అని. ఇంటర్‌ఫెరాన్-గామా అను పదార్థమే ఆ పిలుపు. అది అందిన భక్షక కణములు రెచ్చి లోపలనున్న క్రిములను చంపును, గుంపు కట్టి మిగిలినవాటిని చుట్టుముట్టి బంధించును. రెండవ పిలుపు బి-కణములకు: 'ప్రతిరక్షకములు తయారుచేయుడు' అని. కుష్ఠుక్రిమికి తగినది మొదటి పిలుపు. చాలమందిలో అది సరిగా జరిగి, క్రిమి వచ్చినట్లు కూడ తెలియకయే పోవును. కొందరిలో ఆ పిలుపు గట్టిగానే యున్నను పోరు ఒకటి రెండుచోట్ల మిగిలిపోవును; వారికి కొద్ది మచ్చలు, ఆ మచ్చలలో వెదకినను దొరకనన్ని కొద్ది క్రిములు. వేరు కొందరిలో మొదటి పిలుపు మూగవోయి రెండవదే వినబడును. వారి రక్తమున ప్రతిరక్షకములు పుష్కలముగా నుండును. కాని ఇంటిలో దూరి కూర్చున్న దొంగకొరకు పొలిమేరలో గస్తీ తిరిగి ప్రయోజనమేమి? క్రిములు కోట్లకొలది పెరిగి చర్మమంతట వ్యాపించును. ఒకే క్రిమి రెండు వ్యాధులవలె కనబడుటకు కారణమిది. ఈ రెండు కొనల నడుమ అనేక మెట్లున్నవని 1966లో రిడ్లీ, జోప్లింగ్ అను ఇంగ్లండు వైద్యులు వరుస ఏర్పరచి చూపిరి.

టి-కణమను పేరు పుట్టుటకు సుమారు ఏబది ఏండ్లకు ముందే దీనిని కంటితో చూచినవాడొకడున్నాడు. జపానులో మిత్సుదా అను వైద్యుడు 1919లో చంపిన కుష్ఠుక్రిములను రోగుల చర్మములో సూదితో ఎక్కించి చూచెను. కొద్ది మచ్చలవారికి మూడు నాలుగు వారములకు అక్కడ బొడిపె లేచినది. ఒళ్లంతయు క్రిములతో నిండినవారికి ఏమియు కాలేదు. అనగా శత్రువు నిండుగానున్న దేహమే శత్రువును గుర్తింపలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఇట్టి రోగి దేహము మొత్తముమీద బలహీనమైనది కాదు. ఇతర క్రిములతో అతని టి-కణములు మనవానివలెనే పోరాడును. ఈ ఒక్క క్రిమి విషయముననే అవి మౌనము వహించును. దీనికి కొంత జన్యువుల పాలున్నది. ఐనను వ్యాధి తల్లిదండ్రులనుండి పుట్టుకతో రాదు. రోగుల బిడ్డలు వ్యాధి లేకయే పుట్టుదురు. పాపమునకును దీనికిని ముడిపెట్టుటకు ఇందులో ఎక్కడను చోటు లేదు.

మరి వంకర వ్రేళ్లు, మొండి చేతులు ఎట్లు వచ్చును? క్రిమి మాంసమును తిని వ్రేళ్లను రాల్చునని లోకులనుకొందురు. అది నిజము కాదు. క్రిమి నరములో దాగియున్నది. టి-కణములు దానిని అక్కడనే ఎదుర్కొనును. ఇరుకు సందులో కొట్లాట జరిగిన ఇరువైపుల గోడలు కూలునట్లు, ఆ పోరులో నరము నలిగిపోవును. కొద్ది క్రిములున్న రోగికే ఒక్కొక్కప్పుడు నరము త్వరగా చెడుట ఇందువలననే. మోచేతి నరము చెడినచో చిటికెనవ్రేలు, ఉంగరపు వ్రేలు మొద్దుబారి వంగిపోవును. బీడీలు చుట్టు స్త్రీకి ఆకు కొన మడతపడలేదని మొదట తెలియును. లెక్కకు వేయి బీడీలు కావలసినచోట ఎనిమిదివందలకే ప్రొద్దు క్రుంకును. పొయ్యిమీది గిన్నెను ఉత్తచేతితో దించును, కాలినను తెలియదు. కాలి చెప్పు జారి వెనుకబడినను తెలియక నడచిపోవును. తెలియని గాయము మానక పుండగును, పుండు ఎముకవరకు పోవును, ఎముక క్రమముగా అరిగి వ్రేలు పొట్టియగును. నిద్రలో ఎలుకలు కొరికినను మేల్కొనని రోగులున్నారు. నొప్పి ఒక వరమని ఆరోగ్యవంతులమైన మనకు తోచదు.

మందుల కథ క్లుప్తముగా చెప్పెదము. 1940ల తరువాత డాప్సోను మాత్ర వచ్చి నూనె సూదులను వెనుకకు నెట్టినది. ఆ ఒక్క మాత్రకే క్రిములు లొంగని స్థితి ఏర్పడగా, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోనులను కలిపి వాడుడని చెప్పినది. వ్యాధి తీరునుబట్టి ఆరు నెలలు లేక పన్నెండు నెలలు వాడవలెను. 1995నుండి ఈ మందులు ఉచితముగా లభించుచున్నవి. మూత్రము ఎర్రనగుట, ఒంటి చాయ కొంత నల్లబడుట ఈ మందుల గుణములే, జడియనక్కరలేదు. మందు మొదలిడిన కొద్దికాలములోనే రోగినుండి ఇతరులకు అంటు ఆగిపోవును. కనుక పళ్లెము వేరు, పడక వేరు చేయుటకు శాస్త్రసమ్మతమైన కారణమేదియు లేదు.

ఈ మందులు క్రిములను చంపును, కాని టి-కణములను శాసింపలేవు. ప్రజలకు తెలియక అనర్థము వచ్చుచున్నది ఇచ్చటనే. మందు వాడుచుండగా, ఒక్కొక్కప్పుడు మందు ముగిసిన కొన్ని నెలలకు, మూగవోయిన టి-కణములు ఒక్కసారిగా మేల్కొని మిగిలిన క్రిముల తునకలపై విరుచుకొనిపడును. పాత మచ్చ ఎర్రబడి ఉబ్బును. మోచేతివద్ద నరము వాచి సలుపును. ఒకటి రెండు వారములలో చేయి పట్టు తప్పవచ్చును. రోగి ఏమనుకొనును? మందు వికటించినదని. ఇంటివారేమందురు? 'ఆ గోలీలు మాని నాటుమందు చూడు' అని. మాత్రలు గూటిలో పడును, చేయి వంకరపోవును. వాస్తవమున అది మందు వికటించుట కాదు, వ్యాధి తిరుగబెట్టుట కాదు. దేహరక్షణ అదుపు తప్పి ఎగసిపడుట. మాత్రలు మానరాదు. వెంటనే వైద్యుని వద్దకు పోయినచో ఆ పోరును చల్లార్చు ప్రెడ్నిసొలోను మందును ఆయన పర్యవేక్షణలో కొన్ని నెలలు ఇచ్చి, నరమును చాలవరకు కాపాడగలరు. ఆలస్యమైన కొలదియు నరము తిరిగిరాదు. మా ఎరుకలో వ్యాధి పూర్తిగా నయమైనను చేయి పోగొట్టుకొన్నవారు కలరు. వారు పోగొట్టుకొన్నది ఆ రెండు మూడు వారములలోనే.

2005 డిసెంబరులో మన దేశమున కుష్ఠురోగుల సంఖ్య పదివేలమందికి ఒకరికంటె తగ్గెనని ప్రకటించిరి. వ్యాధి అంతరించెనని చాలమంది దానికి అర్థము చెప్పుకొనిరి. 2023లో కూడ మన దేశమున లక్షకు పైగా క్రొత్త రోగులు నమోదైరి. ప్రపంచమందలి క్రొత్త రోగులలో ఇది సగమునకు మించినది. పిల్లలకు పుట్టగానే వేయు బి.సి.జి. టీకా క్షయకొరకు ఏర్పడినదైనను, కుష్ఠుక్రిమి క్షయక్రిమికి దాయాదియగుటచే టి-కణములకు దీని పోలికను కూడ కొంత నేర్పును. ఆ రక్షణ పూర్తి కాదు, లేకపోలేదు. రోగి ఇంటివారికిని, దగ్గరివారికిని పరీక్ష చేసి ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చుట ఇప్పటి పద్ధతి. ఇంటికి వచ్చు ఆశా కార్యకర్త ఒంటిమీద మచ్చలున్నవా అని అడిగినప్పుడు కసరుకొనక చూపుట మేలు.

చట్టములు సైతము ఆలస్యముగానే మారినవి. రోగులను నిర్బంధించుటకు వీలిచ్చిన 1898 నాటి చట్టము 2016లో రద్దయినది. భార్యకో భర్తకో కుష్ఠువున్నదను కారణముచే విడాకులు కోరు వీలును 2019లో తొలగించిరి. మాత్రలతో నయమగు వ్యాధికి కాపురము కూల్చు శిక్ష అంతవరకు చట్టములో నిలిచియే యుండినది.

పిల్లల ఒంటిమీద పాలిపోయిన మచ్చ కనబడినచో ఇంటిలోనే చేయదగిన పరీక్ష ఒకటి కలదు. దూదిని సన్నని పోగుగా పేని, మొదట బాగున్న చర్మముమీద తాకించి ఎట్లుండునో పిల్లవానికి తెలుపవలెను. తరువాత కన్నులు మూసికొమ్మని, ఒకసారి మచ్చమీద, ఒకసారి మచ్చ వెలుపల తాకించుచు, తాకినచోట వ్రేలు పెట్టి చూపుమనవలెను. ముఖముమీది మచ్చలలో స్పర్శ తగ్గినది తెలియుట కష్టము. వాటిని వైద్యునికే విడువవలెను. చేతిమీదనో, వీపుమీదనో, తొడమీదనో ఉన్న మచ్చపై తాకినప్పుడు రెండు మూడుసార్లు పిల్లవాడు ఊరకుండినచో, ఆ వారములోనే ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయి చూపవలెను.